ఇంట్లోని పాత వీడియోలను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు తేదీలు పోకుండా చూసుకోవడం

రెండేళ్ల క్రితం మా ఇంట్లో ఉన్న పద్దెనిమిది క్యాసెట్లను నగరంలోని ఒక దుకాణంలో ఇచ్చి ఫైళ్లుగా మార్పించుకున్నాను. బొమ్మ, మాట బాగానే వచ్చాయి. కానీ పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే ఫైళ్లకు ఒకటి, రెండు, మూడు అనే పేర్లు తప్ప మరేమీ లేవు. చెల్లెలి అన్నప్రాశన, తాతగారి షష్టిపూర్తి, విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లలు ఇసుక గూళ్లు కట్టిన సాయంత్రం, అన్నింటి పక్కనా అదే వారంలోని ఒకే తేదీ ఉంది. కంప్యూటర్ అక్కడ చూపించేది ఫైలు తయారైన రోజునే గాని దృశ్యం తీసిన రోజును కాదు. అసలు తేదీలు ఆ క్యాసెట్లలోనే భద్రంగా ఉన్నాయనీ, ఎక్కించిన పద్ధతి వల్లే అవి రాలేదనీ తరువాత తెలిసి, మొత్తం పనిని ఇంట్లోనే మళ్లీ మొదటి నుంచి చేసుకున్నాను. అందుకే తేదీ సంగతి పని మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

ముందుగా క్యాసెట్ రకాన్ని గుర్తించాలి. మినీడీవీ, డిజిటల్8 క్యామ్‌కార్డర్లు బొమ్మతో పాటు, తీసిన తేదీనీ సమయాన్నీ కంటికి కనబడకుండా టేపు మీద రాస్తాయి. వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో అలాంటి ఏర్పాటు లేదు కనుక, తీసినవారు తేదీ మీట నొక్కి ఉంటే తెర మూలన పడిన అంకెలే మనకు ఆధారం. చాలామంది ఆ అంకెలను మొదటి కొద్ది క్షణాలు ఉంచి తీసేసేవారు కనుక ప్రతి దృశ్యం ఆరంభాన్నీ నిదానంగా చూడాలి. విశాఖ గాలిలోని తేమకు టేపు అంచున తెల్లని బూజు పట్టడం మామూలే. అలాంటి క్యాసెట్‌ను శుభ్రం చేయించకుండా ఆడించకూడదు.

మినీడీవీ, డిజిటల్8 క్యాసెట్ల విషయంలో అసలు కీలకం తీగలో ఉంది. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగను, వీడియోను కంప్యూటర్‌లోకి పంపే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి తగిలిస్తే బొమ్మ, శబ్దం మాత్రమే వస్తాయి, లోపలి తేదీ రాదు. మా క్యాసెట్లకు జరిగింది అదే. డిజిటల్ సమాచారాన్ని నేరుగా పంపే ఫైర్‌వైర్ తీగతో ఎక్కిస్తే టేపు మీది సమాచారం ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటర్‌లోకి వస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ ద్వారం ఉండదు కాబట్టి, డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు పెట్టించుకోవడమో, ఆ ద్వారమున్న పాత కంప్యూటర్‌ను తెచ్చుకోవడమో చేయాలి. విండోస్‌లో విన్‌డీవీ, లినక్స్‌లో డీవీగ్రాబ్ అనే ఉచిత ప్రోగ్రాములు దృశ్యం మారిన చోట ఫైలును విడగొట్టి, తీసిన తేదీనీ సమయాన్నీ ఫైలు పేరులోనే పెడతాయి. గంట టేపుకు సుమారు 13 జీబీ స్థలం పడుతుంది. ఇలా టేపు మీది రూపంలోనే వచ్చిన డీవీ ఫైలును చిన్నదైన ఎంపీ4గా మార్చితే లోపలి తేదీ సాధారణంగా పోతుంది కనుక, పేరులో తేదీ పడిందని చూసుకున్నాకే మార్చాలి.

ఇంత చేసినా కెమెరా గడియారాన్ని గుడ్డిగా నమ్మకూడదు. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం ఎప్పటిదో తొలి తేదీకి వెళ్లిపోతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కెమెరాలో గడియారం అక్కడి సమయంతోనే నడుస్తూ ఉండవచ్చు. న్యూయార్క్ వేసవి కాలమానం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, మే నెలలో ఇక్కడ ఉదయం ఆరు గంటలకు తీసిన దృశ్యం మీద ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర అని పడుతుంది. మా పిన్ని కొడుకు పుట్టినరోజు హారతి ఒక రోజు ముందే జరిగినట్టు కనబడడానికి కారణం ఇదే. తెర మీది 4.5.1996 ఏప్రిల్ అయిదో, మే నాలుగో తేలకపోతే, అదే టేపులో పన్నెండుకు మించిన అంకె ఎక్కడైనా ఉందేమో వెతకాలి. అది ఏ స్థానంలో ఉంటే ఆ స్థానం రోజుది.

పెళ్లి క్యాసెట్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మన ముహూర్తాలు తరచుగా అర్ధరాత్రి దాటాక ఉంటాయి. శుభలేఖలో శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం అని రాస్తాం. ఎదురుకోలు దృశ్యానికి 12వ తేదీ, జీలకర్ర-బెల్లానికి 13వ తేదీ పడితే అది కెమెరా తప్పు కాదు. రెండింటినీ అలాగే ఉంచి, పేరులో వరుస సంఖ్య చేర్చాలి. ఎగ్జిఫ్‌టూల్ వంటి ప్రోగ్రాముతో ఎంపీ4 లోపల తేదీ రాసేటప్పుడు ఇదే చోట మరో చిక్కు వస్తుంది. ఆ ఫైలులోని సమయాన్ని ప్రమాణం ప్రకారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాయాలి. అది మన సమయానికి అయిదున్నర గంటలు వెనుక. 13వ తేదీ తెల్లవారుజామున రెండు గంటల ముహూర్తాన్ని 12వ తేదీ రాత్రి ఎనిమిదిన్నరగా రాస్తేనే ఫోన్‌లో సరిగా కనబడుతుంది.

అంకెలే లేని క్యాసెట్లకు దృశ్యమే సాక్ష్యం. బీచ్‌లో కురుసుర జలాంతర్గామిలోకి జనం ఎక్కుతూ కనిపిస్తే అది 2002 ఆగస్టు తరువాతిది, ఎందుకంటే దాన్ని మ్యూజియంగా అప్పుడే తెరిచారు. దానికి ఎదురుగా ప్రదర్శనకు పెట్టిన టీయూ-142 నౌకాదళ విమానం ఉంటే 2017 లేదా ఆ తరువాతిది. కైలాసగిరి మీద చెట్లు విరిగి కొండ బోడిగా ఉంటే 2014 అక్టోబర్ 12 నాటి హుద్‌హుద్ తుపాను గుర్తుకు రావాలి. మా ఇంటి టేపులో గోడ మీది క్యాలెండర్ ఒక్క క్షణం కనబడింది. దాన్ని ఆపి, పెద్దది చేసి చూస్తే నెల పేరు దొరికింది. అలాంటి ఒక్క ఫ్రేము కోసం అరగంట వెచ్చించినా నష్టం లేదు. పండుగ దృశ్యమైతే తిథి తెలుస్తుంది, సంవత్సరం తెలిస్తే ఆనాటి పంచాంగం చూసి తేదీ పట్టుకోవచ్చు.

తేలిన తేదీని ఫైలు పేరులో మొదటే, సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయాలి. 2003-12-04_01_ఆర్కేబీచ్ అన్నట్టుగా రాస్తే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలుస్తాయి. ఎన్ని డిస్కులు మారినా పేరు మారదు కనుక, నా దృష్టిలో అన్నింటికన్నా గట్టి చోటు ఇదే. రోజు తెలియనప్పుడు 2003-12-00 అని ఉంచి, చివర సుమారు అని చేర్చాలి. ఊహించిన రోజును ఖాయమైనట్టు రాయడం పిల్లలకు తప్పు చరిత్ర అప్పగించడమే అవుతుంది. విండోస్ పేర్లలో ప్రశ్నార్థకాన్నీ, సమయంలో పెట్టే రెండు చుక్కలనూ అంగీకరించదు. సమయాన్ని 19-45 అని గీతతో రాయాలి.

తేదీ తెర మీద కూడా కనబడాలనుకుంటే బొమ్మలోకి శాశ్వతంగా అచ్చు వేయవద్దు, తప్పని తేలినా మరి తీయలేము. వీడియో పేరుతోనే ఒక ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు తయారుచేసి, ప్రతి దృశ్యం మొదటి అయిదు సెకన్లకు తేదీ, ఊరు రాస్తే వీఎల్‌సీ ప్లేయర్ చూపిస్తుంది, వద్దనుకుంటే ఆపేయవచ్చు. దాన్ని యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో భద్రపరచకపోతే తెలుగు అక్షరాలు చెడిపోతాయి.

పని పూర్తయిన క్యాసెట్‌ను పారవేయకుండా, అట్ట మీద అదే పేరును పెన్సిల్‌తో రాసి, మినీడీవీ అయితే పొరపాటున మళ్లీ రికార్డు కాకుండా అంచున ఉండే చిన్న మీటను సేవ్ వైపు జరిపి, పొడి చోట దాచాలి.