విచారణకు ఏడాది క్యాలెండర్ ఎలా వేసుకోవాలి?

2016 ఫిబ్రవరి 10న మా విచారణ (ఒక ఫాదర్‌గారి కింద ఉండే కతోలిక పారిష్) నుంచి విజయవాడలోని గుణదల మాత గుడికి బస్సు మాట్లాడుకుని బయల్దేరాం. నలభై ఐదు మందిమి, డిక్కీలో యాభై చికెన్ బిర్యానీ పొట్లాలు. బస్సు ఊరు దాటాక వెనక సీట్లో పెద్దావిడ ఒకరు నెమ్మదిగా అడిగారు: "అబ్బాయ్, ఇయ్యాల విభూది బుధవారం కాదూ?"

బస్సులో పాట ఆగిపోయింది. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలానికి మొదటి రోజు, ఉపవాసం ఉండి మాంసం కూడా మానాల్సిన రోజది. పొట్లాలు డ్రైవరుకీ, క్లీనరుకీ, దారిలో మిరపకోతకు పోతున్న కూలీలకీ పంచేసి, మేం అరటిపళ్లతో సరిపెట్టుకున్నాం. గుణదల మాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లోనే జరుగుతాయని అందరికీ తెలుసు. విభూది బుధవారం తేదీ ఏటా మారుతుందనీ తెలుసు. ఆ రెంటినీ ఒకే కాగితం మీద రాసి చూసినవాళ్లే లేరు.

ఆ తర్వాత కాగితం పని నా మెడకే చుట్టుకుంది. ఇన్నేళ్లుగా వేస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ విచారణలో ఈ పని ఎవరూ చేయకపోతే మీరే మొదలుపెట్టండి.

ముందు అందరినీ కూర్చోబెట్టండి

తిరుసభకు (కతోలిక సభకు) కొత్త సంవత్సరం జనవరిలో రాదు, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమనకాలం మొదటి ఆదివారంతో వస్తుంది. ఈసారి అది 2026 నవంబర్ 29. కాబట్టి అక్టోబర్ చివరికల్లా ఒక ఆదివారం రెండో పూజ అయ్యాక గంటన్నర కూర్చోవాలి. ఫాదర్‌గారు, విచారణ సలహా మండలి, సిస్టర్లలో ఒకరు, మరియదళం (మరియమాత భక్తుల సంఘం) నుంచి ఒకరు, యువత, పాటలవాళ్లు, సబ్‌స్టేషన్ ఊళ్ల (విచారణ కింద ఉండే చుట్టుపక్కల ఊళ్ల) ఉపదేశులు, అంటే అక్కడ ప్రార్థనలు నడిపేవాళ్లు, అందరూ ఉండాలి. ఉపదేశులను పిలవడం మర్చిపోతే తర్వాత చేసేదంతా వృథా. ఆ ఊళ్ల సంగతి వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

తిరుసభ చట్టం ప్రకారం మండలి సలహా చెప్పగలదు గానీ నిర్ణయించలేదు. చివరి మాట విచారణ గురువులదే. అందుకే "మీరు వేసుకోండి, నేను చూస్తా" అని ఫాదర్‌గారు లేచి వెళ్లిపోతే ఒప్పుకోకండి. ఆయన లేకుండా వేసిన క్యాలెండర్ రెండు వారాల్లో మారిపోతుంది.

కావాల్సిన సామాను: పెద్ద చార్టు, రెండు రంగుల స్కెచ్ పెన్నులు, మీ మేత్రాసనం (బిషప్‌గారి పరిధి) ఇచ్చే పూజా క్యాలెండర్, గోడకు వేలాడే మామూలు తెలుగు క్యాలెండర్. ఈ చివరిది ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఈస్టర్‌తో మొదలుపెట్టండి, జనవరితో కాదు

చాలామంది జనవరి 1 నుంచి వరసగా రాసుకుపోయి మధ్యలో చిక్కుకుంటారు. ఏడాదిలో సగం పండుగలు ఈస్టర్‌ను పట్టుకుని కదులుతాయి కాబట్టి మొదటి మేకు అక్కడ కొట్టాలి.

ఈస్టర్ లెక్క మన పెద్దలకు చెబితే ఇట్టే పట్టుకుంటారు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి చూడాలి, ఆ పున్నమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. అందుకే అది మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. తిరుసభ పున్నమిని తన పట్టిక ప్రకారం లెక్కిస్తుంది గానీ, మన పంచాంగానికీ దానికీ మహా అయితే ఒకటి రెండు రోజుల తేడా. 2027లో ఆ పున్నమి మార్చి 22, సోమవారం. ఈస్టర్ మార్చి 28.

అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 46 రోజులు వెనక్కి వెళితే విభూది బుధవారం, ఫిబ్రవరి 10. మట్టల ఆదివారం మార్చి 21, పవిత్ర గురువారం 25, పవిత్ర శుక్రవారం 26. ముందుకు లెక్కపెడితే పెంతెకోస్తు మే 16, దివ్యసత్ప్రసాద పండుగ మే 30, యేసు తిరుహృదయ పండుగ జూన్ 4, శుక్రవారం. వీటిని ఎర్ర పెన్నుతో రాయండి. ఇవి ఎవరి కోసమూ కదలవని చూడగానే తెలియాలి.

ఫిబ్రవరి 10 చూశారుగా. 2016లో మమ్మల్ని ముంచిన తేదీయే 2027లో మళ్లీ వస్తోంది.

కదలని తేదీలు, పాలక పునీతుల పండుగ

ఇప్పుడు ఏటా ఒకే రోజున వచ్చేవి రాయండి. మార్చి 19 యోసేపుగారి పండుగ, ఆగస్టు 15 మరియమాత మోక్షారోపణం, సెప్టెంబర్ 8 మరియమాత జన్మదినం, నవంబర్ 2 సమాధుల పండుగ, డిసెంబర్ 25. వీటి పక్కన వారం పేరు కూడా రాయడం ముఖ్యం, అసలు కిటుకంతా అక్కడే ఉంది. 2027లో ఆగస్టు 15 ఆదివారం. మరియమాత పండుగ పూజ, జెండా వందనం, ఆదివారం సత్యోపదేశం (పిల్లలకు మతబోధ) మూడూ ఒకే ఉదయం పడతాయి. జెండా ఎన్నింటికో బడివాళ్లతో ముందే మాట్లాడుకోకపోతే పిల్లలు అక్కడ, తల్లిదండ్రులు ఇక్కడ.

యోసేపుగారి పండుగ 2027లో తపస్సు కాలపు శుక్రవారం పడింది. మామూలుగా ఆ కాలంలో శుక్రవారం మాంసం ముట్టం. కానీ అది మహోత్సవం (అన్నిటికన్నా పెద్ద స్థాయి పండుగ) కాబట్టి ఆ రోజు ఆ నియమం ఉండదు. యోసేపుగారు పాలకుడైన (గుడి ఆయన పేరుమీద ఉన్న) విచారణలవాళ్లు ఈ సంగతి వారం ముందే పూజలో చెప్పించుకోవాలి. లేకపోతే వండినవాళ్లు ఒకవైపు, తినేది లేదని భీష్మించినవాళ్లు ఇంకోవైపు. మార్చి 25 మంగళవార్త పండుగ పవిత్ర గురువారంతో కలిసింది కాబట్టి ఏప్రిల్ 5కు జరుగుతుంది.

పాలక పునీతుడి పండుగ వారం మధ్యలో వస్తే దగ్గరి ఆదివారానికి జరుపుకోవడం మామూలే. అయితే అది సాధారణ కాలంలోనే, అంటే పెద్ద పండుగల కాలాలు కాని రోజుల్లోనే, కుదురుతుంది. ఆగమనకాలపు ఆదివారాలనూ తపస్సు కాలపు ఆదివారాలనూ అలా వాడుకోకూడదు. డిసెంబర్ 3న ఫ్రాన్సిస్ జేవియర్‌గారి పండుగ చేసుకునేవాళ్లకు ఈ ఇబ్బంది ఏటా ఉంటుంది.

మన దగ్గర అంతోనివారి పేరుమీద గుళ్లు ఎక్కువ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. 2027లో జూన్ 13 ఆదివారమే, బాగా కలిసొచ్చింది. తొమ్మిది రోజుల నవదిన ప్రార్థనలు జూన్ 4న మొదలై 12న ముగియాలి. జూన్ 4 తిరుహృదయ పండుగ కూడా కాబట్టి జెండా ఎత్తడానికి అంతకన్నా మంచి సాయంత్రం దొరకదు. కానీ 12 అంటే సరిగ్గా బడులు తెరిచే రోజులు. పుస్తకాలు, యూనిఫారాలు కొని జేబులు ఖాళీ అయినప్పుడు పండుగ చందా అడుగుతున్నామన్నమాట. అందుకని చందా మేలోనే మొదలుపెట్టి రెండు విడతలుగా తీసుకోండి. పేర్లు, మొత్తాలు చదివి వినిపించే అలవాటు ఉంటే ఈ ఏడాదితో మానేయండి. వంద ఇచ్చినాయన ఐదు వేలు ఇచ్చినాయన పక్కనే కూర్చుని ఉంటాడు.

ఫాదర్‌గారు ఒక్కరే, ఊళ్లు ఐదు

ఒక గురువు రోజుకు ఒక పూజ చేయాలన్నది నియమం. అవసరమైతే మేత్రాణుల (బిషప్‌గారి) అనుమతితో మామూలు రోజున రెండు, ఆదివారాల్లో, తప్పనిసరి పండుగల్లో మూడు దాకా చేయవచ్చు. క్రిస్మస్ రోజు మూడు పూజలకు ప్రత్యేకంగా వీలుంది. ఇది గుర్తుంటే సగం గొడవలు రావు. క్రిస్మస్ రాత్రి ఐదు ఊళ్లూ "మాకు పన్నెండింటికే" అంటాయి. మా దగ్గర ఊళ్ల పేర్లు వరసగా రాసి, అర్ధరాత్రి పూజ ఏటా ఒక ఊరికి తిప్పుతున్నాం. మొదటి ఏడాది అలిగారు, మూడో ఏటికి అలవాటైంది. ఈస్టర్ జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి పూజ) మాత్రం విచారణ గుడిలోనే, అందరూ అక్కడికే. అది చీకటి పడ్డాకే మొదలవ్వాలి కాబట్టి తిరిగి ఊళ్లకు చేర్చే ఆటోలు ముందే మాట్లాడాలి.

ఫాదర్‌గారు ఊళ్లో ఉండని రోజులు ఆయన్నే అడిగి రాయండి: గురువుల వడకం (కలిసి ధ్యానంలో గడిపే రోజులు), ఈస్టర్ ముందు మేత్రాణులు తైలాలు ఆశీర్వదించే పూజ, ఆయన సెలవులు. భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు) మేత్రాణుల తేదీ కావాలంటే డిసెంబర్‌లోపే ఉత్తరం పెట్టండి. మనం కోరిన ఆదివారాన్నే మరో పది విచారణలవాళ్లూ కోరతారు.

ఇప్పుడు తెలుగు క్యాలెండర్ తీయండి

మా వైపు జనవరి నుంచి మార్చి దాకా మిరపకోతలు. ఆ కాలంలో శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి సిలువ మార్గం (క్రీస్తు శ్రమలను ధ్యానించే ప్రార్థన) పెడితే గుడిలో సిస్టర్లు, ఇద్దరు ముసలివాళ్లు మిగులుతారు. అదే రాత్రి ఏడున్నరకు పెడితే జనం చేలో నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని నేరుగా గుడికొస్తారు. దీన్ని భక్తి తగ్గిందనుకోవడం మన తప్పు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు కూడా తపస్సు కాలంలోనే వస్తాయి. మైకు శబ్దం తగ్గించమని పిల్లల తల్లులు అడగకముందే తగ్గించండి. ప్రథమ సత్ప్రసాదం (పిల్లలు మొదటిసారి కమ్యూనియన్ తీసుకోవడం), వేసవి సత్యోపదేశం ఏప్రిల్ చివర్లో బడులు మూశాక పెట్టుకోవాలి.

పెళ్లిళ్ల సంగతి కాస్త సున్నితం. తపస్సు కాలంలో ఆర్భాటంగా పెళ్లిళ్లు చేసుకోం కాబట్టి ఈస్టర్ తర్వాత ఒక్కసారిగా వచ్చి పడతాయి. చాటింపులు (జరగబోయే పెళ్లి గురించి గుడిలో చేసే ప్రకటనలు) మూడు ఆదివారాలు చదవాలి. ఎంత కతోలికులమైనా పెళ్లికూతురి మేనమామ ఎక్కడో ముహూర్తం చూసుకునే వస్తాడు, పైకి మాత్రం "ఆ రోజు సెలవండీ" అంటాడు. ముహూర్తాలు దట్టంగా ఉన్న వారాలు తెలిస్తే విచారణ హాలులో ఆ రోజుల్లో వేరే కార్యక్రమం పెట్టరు.

మైకు గురించి ఒక మాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు వాడకూడదని కేంద్ర శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. మీ పండుగ రోజు అందులో ఉందో లేదో స్టేషన్‌లో కనుక్కుని, అనుమతి కాగితం మీదే తీసుకోండి.

అక్టోబర్ జపమాల: 31 ఇళ్లు

నా దృష్టిలో విచారణ జీవితమంటే పెద్ద పండుగ కన్నా ఇదే. అక్టోబర్‌లో రోజుకో ఇంట్లో జపమాల. మాకు సుమారు 120 కుటుంబాలు. ఒకే వరసలో వెళితే 31 ఇళ్లకే మాత స్వరూపం (విగ్రహం) వెళుతుంది, అవి ఏటా అవే ఇళ్లు అవుతాయి. విచారణను నాలుగు వాడలుగా చేసి నాలుగు స్వరూపాలు తిప్పితే 124 సాయంత్రాలు వస్తాయి. అందరి ఇళ్లకూ సరిపోతాయి.

చీటీలు వేసి తేదీలు ఇవ్వండి. ఫలహారం విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. ఒకరు ఉడికించిన శనగలు పెడతారు, మర్నాడు ఇంకొకరు సమోసా, ఆ తర్వాత ఒకరు ఏకంగా భోజనం. నాలుగో ఇంటివాళ్లు "మా ఇల్లు చిన్నదిలెండి, వచ్చే ఏడు చూద్దాం" అంటారు. ఇల్లు చిన్నదై కాదు ఆ మాట. అందుకే మా కాగితంలో "టీ, శనగలు. అంతే." అని రాసి పెట్టాం. గల్ఫ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో జపమాల చెబుతానంటే చెప్పనివ్వండి. ఒక్కోసారి సిగ్నల్ ఆగి పరలోక జపం సగంలో నిలిచిపోతుంది, ఏం ఫరవాలేదు.

ప్రకటన ఎలా రాయాలి?

క్యాలెండర్ ఎంత బాగున్నా ఆదివారం ప్రకటనలో చెడిపోతుంది. ప్రకటన చదవాల్సింది సత్ప్రసాదం తర్వాతి ప్రార్థన అయ్యాక, ఆశీర్వాదానికి ముందు. అప్పటికి చంటిపిల్లలు ఏడుస్తుంటారు, మగవాళ్ల చూపు గుమ్మంవైపు ఉంటుంది. రెండు నిమిషాలు దాటితే ఎవరూ వినరు.

ఇలా రాయకండి: "ప్రియ విశ్వాసులారా, మృతుల స్మరణార్థం జరగబోవు కార్యక్రమాలలో అందరూ భక్తిశ్రద్ధలతో పాల్గొనవలసిందిగా కోరుచున్నాము." ఎప్పుడో, ఎక్కడో, ఏం తేవాలో ఇందులో లేదు.

ఇలా రాయండి: "వచ్చే శనివారం ఉదయం ఆరింటికి సమాధుల తోట శుభ్రం చేస్తాం. ఇంటికొకరు రావాలి. కొడవలి, పార తెచ్చుకోండి. సున్నం విచారణ ఇస్తుంది. రెండో తేదీ సాయంత్రం ఐదింటికి అక్కడే పూజ."

దీన్నే వాట్సాప్ గ్రూపులో పెట్టండి, గుడి బయట నల్లబల్ల మీద రాయండి, ఉపదేశులకు ఫోన్ చేసి చెప్పండి. ఫోన్ మానకండి. గ్రూపులో రాత్రికి నలభై శుభరాత్రి బొమ్మలు వచ్చి మీ ప్రకటన ఎక్కడికో పైకి పోతుంది.

ప్రతి కార్యక్రమానికీ చార్టులో ఒక మనిషి పేరు ఉండాలి. "యువత" అని రాస్తే ఎవరూ చేయరు.

చివరగా వేలాడదీయాలి

చార్టును గుడి వాకిట్లో, చెప్పులు విడిచే చోట గోడకు కట్టండి. లోపల పెడితే ఎవరూ చూడరు. ఫొటో తీసి ప్రతి వాడకూ పంపండి.

మా 2027 చార్టులో ఫిబ్రవరి 11 గడిలో ఇళ్లలో మంచాన ఉన్నవాళ్ల పేర్లు రాశాం. లూర్దుమాత పండుగైన ఆ రోజు ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం కూడా. గుణదల కొండ ఎక్కలేని పదకొండు మంది ఇళ్లకు ఫాదర్‌గారు వెళ్లి వ్యాధిగ్రస్తులకు చేసే అభ్యంగనం (తైలం పూసి ప్రార్థన) ఇస్తారు. బస్సు 9వ తేదీ తెల్లవారుజామున బయల్దేరుతుంది. ఎవరైనా 10న వెళ్లాలనుకుంటే ఆ గడిలో ఎర్ర పెన్నుతో ఒకే మాట ఉంది. దాన్ని ఆ పెద్దావిడే దగ్గరుండి రాయించారు: "నీళ్లు."