తాళం తిప్పినా సప్లై రాకపోతే: వైరు ముట్టుకునే ముందు

వానలు మొదలయ్యాక ఆటో ఎలక్ట్రీషియన్లు తరచూ వినే మాటలు రెండున్నాయి. "సెల్ఫ్ తిరుగుతోంది గానీ బండి స్టార్ట్ కావట్లేదు." "స్టార్టవుతుంది, తాళం వదలగానే ఆగిపోతుంది." బ్యాటరీ బాగుండి, ట్యాంకులో పెట్రోలూ ఉంటే ఇగ్నిషన్ సప్లైని అనుమానించాలి. తాళం ఆన్‌లో పెట్టగానే స్విచ్ నుంచి ఫ్యూజు మీదుగా ఇంజిన్ కంప్యూటర్‌కు వెళ్లే 12 వోల్టుల సిగ్నల్ అది. చాలా కార్లలో ఆ సిగ్నల్ అందితేనే కంప్యూటర్ మేల్కొని మెయిన్ రిలేను, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌ను, లాగుతుంది. ఇంజెక్టర్లకు, కాయిల్స్‌కు కరెంటు వెళ్లేది ఆ తర్వాతే.

దీన్ని ఇంటి దగ్గర కొంతవరకు మనమే చూసుకోవచ్చు. కానీ చూడటం వేరు, కెలకడం వేరు.

ముందు ఏ పనిముట్టూ పట్టకుండా తాళం ఆన్‌లో పెట్టి మీటర్ బోర్డు చూడండి. చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. చాలా పెట్రోలు కార్లలో వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్‌మంటుంది. లైటూ లేక, చప్పుడూ లేక, స్కానర్ (లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టినా ఇంజిన్ కంప్యూటర్ పలకకపోతే దానికి సప్లై అందడం లేదనే అనుమానం బలపడుతుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ నడిచి, తాళం వెనక్కి రాగానే ఆగిపోతే స్విచ్ లోపల ఆన్ కాంటాక్టు అరిగి ఉండవచ్చు. ఒకటి రెండు సెకన్లు నడిచి ఆగి, బోర్డు మీద తాళం గుర్తు మిణుకుమంటుంటే మాత్రం అది ఇమ్మొబిలైజర్ (దొంగ తాళంతో బండి నడవకుండా ఆపేది) గొడవ, వైర్ల జోలికి వెళ్లకండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఏసీ, పాటలు ఆగడం లోపం కాదు, వాటిని అలాగే పెడతారు.

ఇక చెయ్యి పెట్టాలంటే గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్కులో, హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి. ఉంగరం, కడియం, స్టీలు చైను వాచీ తీసి లోపల పెట్టండి. పాజిటివ్‌కీ బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే క్షణంలో ఎర్రగా కాలిపోయి చేతి వేలిని పట్టేస్తుంది. ఆన్‌లో ఉన్నంతసేపూ రేడియేటర్ ఫ్యాను ఎప్పుడైనా తిరగవచ్చు. టెర్మినల్ విప్పాల్సి వస్తే తాళం ఆఫ్ చేసి ముందు నెగెటివ్ తీయాలి, బిగించేటప్పుడు అదే చివర. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి పక్కన సిగరెట్ వద్దు.

ఇగ్నిషన్ స్విచ్ సాధారణంగా స్టీరింగ్ కాలమ్ దగ్గరే ఉంటుంది, అక్కడే ఎయిర్‌బ్యాగ్ వైర్లూ ఉంటాయి. పసుపు రంగు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) కనిపిస్తే దాన్ని విప్పొద్దు, టెస్ట్ ల్యాంపు పెట్టొద్దు, మీటర్‌తో ఓమ్స్ (నిరోధం) చూడొద్దు. కాలమ్ కవరు తీయాల్సి వస్తే నెగెటివ్ విప్పి, కారు మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో కాస్త ఛార్జి నిలిచి ఉంటుంది.

మల్టీమీటర్ దగ్గర మూడు సంగతులు చూసుకోవాలి. ఎర్ర వైరు 10 ఆంప్స్ రంధ్రంలో ఉండిపోయి బ్యాటరీ మీద పెడితే అది నేరుగా షార్టే. కరెంటు ఉన్న లైను మీద ఓమ్స్ పెట్టకూడదు. మూడోది చాలామందికి తెలియదు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12.4 చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ దాదాపు కరెంటే తీసుకోదు. "సప్లై ఉంది సార్, కంప్యూటరే పోయింది" అనే తీర్పులు ఇక్కడే పుడతాయి. ఆ ఒక్క మాటకు వేలు ఖర్చవుతాయి. అందుకే ఫ్యూజు సాకెట్‌కూ బాడీకీ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు వేసి, అది వెలుగుతుండగా వోల్టు చూడాలి. 12 దగ్గర ఉండాల్సింది 8కి పడిపోతే దారిలో ఎక్కడో కాంటాక్టు చెడింది. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, ఫ్యూజు తీయకుండానే అక్కడ చూడవచ్చు. బ్యాటరీ పాజిటివ్ మీద ఒక ప్రోబ్, ఆ చుక్క మీద ఇంకొకటి పెట్టండి. లోడు మీద, అంటే బల్బు వెలుగుతుండగా, అర వోల్టు దాటి తేడా వస్తే స్విచ్ నుంచి వెతుక్కుంటూ రావాలి. ఈ బల్బు పద్ధతి ఫ్యూజు, రిలే సాకెట్ల వరకే, కంప్యూటర్ పిన్నుల మీద పెట్టొద్దు.

సూదితో వైరు తొక్క పొడవడం మెకానిక్కులకు అలవాటు. ఆ రంధ్రంలోంచి వాన నీరు దిగి, కొన్నాళ్లకు రాగి పచ్చగా పొడైపోతుంది. లావు ప్రోబ్‌ను కప్లర్ మూతిలో గుచ్చితే టెర్మినల్ వెడల్పయి కొత్త లూజు కాంటాక్టు తయారవుతుంది. కప్లర్ వెనక నుంచి సన్న పిన్నుతోనే చూడాలి.

ఇక "డైరెక్ట్ ఇచ్చేద్దాం" అనే మాట. బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి ఇగ్నిషన్ లైనుకు తగిలిస్తే బండి కదులుతుంది నిజమే. ఆ వైరుకు ఫ్యూజు ఉండదు, తాళం తీసినా ఇంజిన్ ఆగకపోవచ్చు, షార్టయితే వైరింగ్ మొత్తం కాలుతుంది. నా దృష్టిలో ఎంత అవసరమైనా చేయకూడని పని ఇదే. ఫ్యూజు ఎగిరితే అదే ఆంప్స్‌ది వేయాలి: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. కొత్తదీ ఎగిరితే ఇంకొకటి వేయకండి, ఎలుక కొరికిన చోటో, డాష్‌క్యామ్‌కో ఫాగ్ ల్యాంపులకో తొక్క గీకి టేపు చుట్టిన జాయింటో వెతకండి.

తాళానికి గుత్తి బరువు కూడా తగ్గించండి. 2014లో జనరల్ మోటార్స్ అమెరికాలో షెవర్లే కోబాల్ట్ లాంటి కార్లను వెనక్కి పిలిచింది ఇగ్నిషన్ స్విచ్ వల్లే. నడుస్తుండగా తాళం ఆన్ నుంచి జారిపోయి, ఇంజిన్ ఆగి, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలను అంగీకరించింది.

నీళ్లలో మునిగిన కారైతే ఈ పరీక్షలేవీ వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగినట్టు నీళ్లెక్కిన కారు తాళం తిప్పకూడదు. చేరుకోగలిగితే నెగెటివ్ విప్పి, టో చేయించాలి. తడి కప్లర్లలో కరెంటు నిలిచి ఉంటే టెర్మినళ్లను తినేస్తుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్ల దగ్గరికి అసలు పోవద్దు.

స్కానర్‌లో పి2530 వస్తే ఇగ్నిషన్ స్విచ్ ఆన్ సర్క్యూట్ అని, పి0685 వస్తే మెయిన్ రిలే కంట్రోల్ సర్క్యూట్ అని చూడమని అర్థం. ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు కోడ్‌తో పాటు ఏ ఫ్యూజు దగ్గర బల్బు వేస్తే ఎంత వోల్టు వచ్చిందో, అప్పుడు తాళం ఏ స్థానంలో ఉందో కాగితం మీద రాసుకుని ఇవ్వండి.