మనసు ఉడికిపోతున్నప్పుడు: టీనేజర్లకు చన్నీళ్ల పద్ధతి

ఇంటర్ ఫలితాల రోజో, స్నేహితులతో గొడవయ్యాకో పిల్లలు అదుపు తప్పి ఏడుస్తున్నప్పుడు హితబోధ తలకెక్కదు. ముందు ఒంటిని నెమ్మదింపజేయాలి. అమెరికన్ సైకాలజిస్ట్ మార్షా లినెహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీలో (తీవ్రమైన భావోద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే మానసిక చికిత్స) ఇందుకో పద్ధతి ఉంది.

వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్లు పొయ్యండి. చెయ్యి పెడితే జివ్వుమనాలి, నొప్పి పుట్టకూడదు. 10 డిగ్రీలకు తగ్గొద్దు. ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, కళ్లూ బుగ్గలూ మునిగేలా ముఖం పెట్టి 15 నుంచి 30 సెకన్లు ఉంచాలి. ఊపిరి బిగబట్టలేకపోతే వెంటనే పైకి లేవాలి. ముఖానికి చల్లదనం, బిగబట్టిన ఊపిరి కలిస్తే గుండె వేగం బాగా తగ్గుతుంది. అందుకే నాలుగు చుక్కలు చల్లుకుని 'పనిచెయ్యలేదు' అంటే లాభం లేదు. హాస్టల్లో అయితే చల్లటి తడిగుడ్డ కళ్లమీద అదిమి, ఊపిరి బిగబట్టి వంగినా సరిపోతుంది.

గుండె జబ్బున్నవాళ్లు, గుండె వేగం తగ్గించే మందులు వాడేవాళ్లు, తిండి బాగా మానేసి చిక్కిపోయినవాళ్లు డాక్టర్ని అడగకుండా చెయ్యొద్దు.

ఈ ఊరట కొద్ది నిమిషాలే. ఆలోపు నెమ్మదిగా శ్వాస తీసే పద్ధతి మొదలుపెట్టాలి: 4 లెక్కపెడుతూ పీల్చి, 6 లెక్కపెడుతూ వదలడం, ఓ ఐదు నిమిషాలు. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో సాధన చేయకపోతే అవసరానికి గుర్తుకు రాదు. మాటలు ఆ తర్వాతే; అప్పుడైనా 'ఇంత చిన్నదానికా?' అనకండి.

చనిపోవాలనుందన్నా, చేతులు కోసుకున్నా ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి ఉచితంగా, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణాపాయం కనిపిస్తే నేరుగా ఆసుపత్రికి.