నీట్ రాసేది మధ్యాహ్నం రెండింటికి, చదువూ అటే తిప్పండి

గుంటూరులో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. ఇక్కడి హాస్టళ్లలో పిల్లల్ని తెల్లవారుజామునే లేపి చదివిస్తారు. మంచిదే. కానీ డాక్టరు చదువుకి రాసే నీట్ జరిగేది మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా, అదీ మే ఎండల్లో. మామూలు రోజుల్లో ఆ వేళకి భోంచేసి కునికిపాట్లు పడుతుంటారు. అందుకే ఇంటర్ పరీక్షలు అయిపోగానే నేను ముందు పట్టించుకునేది ఆ మూడు గంటల్నే. రోజు విడిచి రోజు, సరిగ్గా రెండింటికి, ఒక పాత పేపరు. ఫోన్లో వద్దు. ఓఎంఆర్ షీట్ (జవాబుకి గుండ్రటి బబుల్ దిద్దే కాగితం) ప్రింట్ తీసుకుని, ఫ్యాన్ కింద కూర్చుని, పెన్నుతో రాయండి. మర్నాడు అందులో తప్పుపోయినవి మాత్రమే చదవండి.

2025 నుంచి ఛాయిస్ లేదు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90, మొత్తం 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. 2021 నుంచి 2024 దాకా పేపర్లలో సెక్షన్ బి అని 15 ప్రశ్నలిచ్చి ఏవైనా 10 రాయమనేవారు, అవి చేసేటప్పుడు అందులో మొదటి పది ప్రశ్నలే తీసుకుని మూడు గంటల్లో ముగించండి. లేకపోతే టైమ్ అంచనా తప్పుతుంది.

సగం మార్కులు బయాలజీవే, అవి వచ్చేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచే. చదివాం అనుకోవడం వేరు, వాక్యం వాక్యం పట్టుకోవడం వేరు. ఒక్కటి చూడండి. వరి, గోధుమ లాంటి వాటిలో పుప్పొడి రేణువులు విడుదలైన 30 నిమిషాల్లోపే జీవశక్తి కోల్పోతాయి. రోజేసీ, లెగ్యుమినోసీ, సొలనేసీ కుటుంబాల్లోని కొన్ని మొక్కల్లో నెలల తరబడి నిలుస్తాయి. తెనాలి వైపు వరి చేలు, మన యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) చూస్తూ పెరిగిన పిల్లలకు నేను చెప్పేది ఇదే: మిరప సొలనేసీలోదే, ఆ పేరు ఇంక మర్చిపోరు. అయితే పుస్తకంలో ఉన్నది ‘కొన్ని’ అని. ప్రశ్నలో దాన్ని ‘అన్ని’ అని మార్చి ఇస్తే ఆ వాక్యం తప్పు. బాగా చదివిన పిల్లల మార్కులు పోయేది ఇలాంటి చోటే. అందుకే ‘కొన్ని’, ‘సాధారణంగా’, ‘మాత్రమే’ లాంటి మాటల కింద పెన్సిల్‌తో గీత గీయిస్తాను.

తెలుగు మీడియం పిల్లలు అప్లికేషన్లో తెలుగు ఎంచుకుంటే పేపరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వస్తుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషుదే ఖాయం. కాబట్టి ప్రతి పదానికీ ఇంగ్లీషు పేరు పక్కనే రాసుకుని చదవాలి.

పరీక్షలో బయాలజీతో మొదలుపెట్టమంటాను. 50 నిమిషాల్లో అది అయిపోతే గుండె కుదుటపడుతుంది. ఒక్క జాగ్రత్త. 2025 పేపర్లో బయాలజీ 91వ ప్రశ్న నుంచి ఉంది. బుక్లెట్‌లో 91 చదివి, ఓఎంఆర్‌లో అలవాటుగా 1వ వరసలో దిద్దేస్తారు. ఒకసారి దిద్దిన బబుల్ మార్చడానికి వీల్లేదు. మొదటి బబుల్‌కి ముందు నంబరు మీద వేలు పెట్టి చూసుకోండి. బబుల్‌కి ఐదు సెకన్లనుకున్నా 180కి పావుగంట పడుతుంది, అన్నీ చివరికి దాచుకోకండి. పేజీ అవగానే ఆ పేజీవి దిద్దేయండి.

రైటుకి 4, తప్పుకి మైనస్ 1. రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే మిగతా రెండింట్లో ఒకటి పెట్టండి. ఏదీ కొట్టేయలేకపోతే వదిలేయండి. పేపరు కష్టంగా వస్తే టెన్షన్ పడొద్దు, అది అందరికీ కష్టమే. 2025లో దేశంలో మొదటి ర్యాంకుకే 686 మార్కులు.

ఆ రోజు గేటు ఒంటిగంటన్నరకి మూసేస్తారు, తర్వాత ఎవర్నీ పంపరు. గుంటూరు నుంచి విజయవాడ సెంటరుకి వెళ్లేవాళ్లు పదింటికల్లా బయల్దేరాలి, పెళ్లిళ్ల రోజైతే వారధి మీద ఎంతసేపు ఆగుతారో చెప్పలేం. పొట్టి చేతుల పల్చటి బట్టలు, చెప్పులు. బూట్లు వేసుకోవద్దు. అడ్మిట్ కార్డు, ఫోటోలు, ఐడీ కార్డు ముందు రాత్రే సర్దుకోండి. పెన్ను వాళ్లే ఇస్తారు.

భోజనం పదకొండులోపు, పప్పన్నం, పెరుగు చాలు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి దండిగా పెట్టి పంపకండి తల్లులారా, మూడింటికి నిద్ర ముంచుకొస్తుంది. బయటికొచ్చిన పిల్లల్ని గేటు దగ్గరే ‘ఎన్ని వస్తాయి?’ అని అడక్కండి. మజ్జిగ ఇచ్చి ఇంటికి తీసుకెళ్లండి.

రిజల్ట్ వచ్చేలోపు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు తెచ్చి పెట్టుకోండి. మన రాష్ట్ర కోటా సీట్ల కౌన్సెలింగ్ విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేస్తుంది, అప్లికేషన్‌కి ఇచ్చే గడువు తక్కువ.