ఫొటో కంపోజిషన్ – 4వ పాఠం: మనిషి చుట్టూ వదిలే చోటు

గత పాఠంలో ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసుకుని, ముఖ్యమైన వస్తువును ఆ గీతలు కలిసే చోట నిలపడం సాధన చేశాం. అలా నిలిపిన మనిషి చుట్టూ ఎంత చోటు వదలాలి, ఏ వైపు వదలాలి అన్నది ఈ పాఠం. ఫొటోలో భావం పలికేదీ, పలకక ఊరుకునేదీ చాలావరకు ఇక్కడే అని నా అభిప్రాయం.

1936 మార్చిలో, కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోతకు వచ్చిన కూలీల శిబిరంలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరతియా లాంగ్ ఒక తల్లినీ పిల్లలనూ వరుసగా కొన్ని ఫొటోలు తీశారు. దూరం నుంచి తీసిన వాటిలో గుడారం, సామాను, చుట్టూ ఉన్న నేల కనిపించి ఆ కుటుంబం ఎలాంటి పరిస్థితిలో ఉందో చెబుతాయి. ‘మైగ్రెంట్ మదర్’గా పేరుపడిన ఫొటోలో అవేవీ దాదాపుగా లేవు. తల్లి ముఖం, చెంప దగ్గర చెయ్యి, ఒడిలో పసిబిడ్డ, చెరో భుజం మీద వాలి ముఖాలు అటు తిప్పుకున్న ఇద్దరు పిల్లలు, అంతే. ఆ పిల్లలు మనవైపు చూసి ఉంటే మన చూపు మూడు ముఖాల మధ్య చెదిరిపోయేది. ఇప్పుడది నేరుగా ఆమె కళ్లకు చేరుతుంది. ఫొటో కింది మూలలో గుడారపు కర్రను పట్టుకున్న ఒక బొటనవేలు కనబడుతోందని, లాంగ్ తరువాత నెగటివులో దానిని చెరిపించారు. వార్తా చిత్రానికి అది తగునా అన్న వాదన వేరు. అంచున ఉన్న చిన్న వస్తువు కూడా చూపును లాగుతుందన్నది మాత్రం నిజం.

చోటు ఎక్కువగా వదిలితే పరిస్థితి కనిపిస్తుంది, తగ్గిస్తే మనసు కనిపిస్తుంది. ఇక వైపు సంగతి. మనిషి చూసే వైపు ఖాళీ ఉంటే ఎదురుచూపు, ఆశ స్ఫురిస్తాయి. ముఖాన్ని అంచుకు ఆనించి ఖాళీని వీపు వెనక ఉంచితే, దారి మూసుకుపోయినట్టు, ఏదో వదిలి వచ్చినట్టు అనిపిస్తుంది. మొదటిదే సరైనదని చాలామంది నియమంగా చెబుతారు గానీ, చెప్పదలచినది ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు రెండోదే సరైనది. అయితే ఖాళీ నిజంగా ఖాళీగా ఉండాలి. మన ఊళ్లలో కరెంటు తీగ, ఫ్లెక్సీ లేని ఆకాశం దొరకడం కష్టం కనుక, ఒక అడుగు పక్కకు జరగండి, లేదా మోకాళ్ల మీద కూర్చుని తీయండి. ఫోనుతో ముఖం తీసేటప్పుడు మరీ దగ్గరకు వెళ్తే ముక్కు పెద్దదిగా వస్తుంది. కాస్త వెనక్కి నిలబడి 2ఎక్స్ జూమ్ వాడండి.

అభ్యాసం: ఇంట్లో ఒకరిని, వారి అనుమతితో, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. వెలుతురు, ముఖ కవళికలు మార్చకుండా మూడు ఫొటోలు తీయండి: గది అంతా కనిపించేలా ఒకటి, నడుము పై వరకు చూపు ముందు ఖాళీతో ఒకటి, అదే దూరంలో వీపు వెనక ఖాళీతో ఒకటి. ఆ మనిషిని ఎరగని వారికి చూపించి, ఒక్కో ఫొటోకు ఒక్క మాట చెప్పమనండి. రెండో ఫొటోకూ మూడో ఫొటోకూ ఒకే మాట వస్తే, ఖాళీ అనుకున్న చోట క్యాలెండరో, స్విచ్‌బోర్డో, తలుపు అంచో ఉందేమో వెతికి, దానిని తప్పించి మళ్లీ తీయండి. వచ్చే పాఠంలో మెట్లు, వరండా స్తంభాలు, రైలు పట్టాల వంటి గీతలు చూపును ఎలా నడిపిస్తాయో చూద్దాం.