ఫ్లై కట్టడం నేర్చుకుందాం – 3: దారం లేని నింఫ్

ఫ్లై అంటే చేపకు పురుగులా కనిపించేలా గాలపు కొక్కెం మీద కట్టే ఎర. పోయిన భాగంలో ఆ కొక్కేన్ని వైస్‌లో (దాన్ని కదలకుండా పట్టి ఉంచే పరికరంలో) బిగించడం, కొక్కెం కాడ మీద దారం జారకుండా చుట్టడం, చివరి ముడి వేయడం చూశాం. ఈసారి ఆ దారాన్ని పక్కన పెట్టేద్దాం. కట్టబోయేది సాయర్ ఫెజెంట్ టెయిల్ అనే ఫ్లై. కొక్కెం కాక దీనికి కావలసినవి రెండే: ఫెజెంట్ (నెమలి, కోడి కుటుంబానికి చెందిన పక్షి) పుంజు తోక ఈక, వెంట్రుకంత సన్నని రాగి తీగ.

ఫ్రాంక్ సాయర్ (1906–1980) ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఏవన్ నదీ భాగానికి సంరక్షకుడు. నది బాగోగులు చూడటమే ఉద్యోగం కాబట్టి, ట్రౌట్ చేపలు తినే నీటి పురుగులను ఏళ్ల తరబడి దగ్గరగా గమనించాడు. ఆలివ్ రకం మేఫ్లై ఇంకా రెక్కలు రాని దశలో, అంటే నింఫ్‌గా ఉన్నప్పుడు, కాళ్లను ఒంటికి అదిమిపెట్టుకుని ఈదుతుంది. అందుకే సాయర్ తన ఫ్లైకి కాళ్లు పెట్టలేదు. తోక, పొట్ట, ఉబ్బెత్తు రొమ్ము, అంతే. చూడగానే ఏదో తగిలించాలని మీ చేతులు దురద పెడతాయి. వద్దు.

రాగి తీగ ఇక్కడ మూడు పనులు చేస్తుంది: ఈక పోగులను కట్టి ఉంచుతుంది, బరువుతో ఫ్లైని ముంచుతుంది, పోగుల సందుల్లోంచి ఎర్రగా మెరుస్తుంది. మందం 0.1 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే చాలు. ఫ్లై సామాన్లు అమ్మేచోట దొరక్కపోతే చిన్న మోటార్లకు వైండింగ్ చేసేవారిని అడగండి. పంపుసెట్టు తీగ లావు, పనికిరాదు. తీగను మంచి కత్తెర మొనతో కత్తిరించకండి. దానికో పాత కత్తెర కేటాయించండి.

కొక్కెం 14వ సైజు తీసుకోండి. సంఖ్య పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని మొదటి భాగంలో చెప్పుకున్నాం. 16, 18 తర్వాత చూద్దాం. కాడ మీద వంపు దగ్గరి నుంచి కన్ను (గాలపు దారం కట్టే రంధ్రం) వైపు తీగను పక్కపక్కనే చుట్టండి. కన్ను వెనకాల ఒక మిల్లీమీటరు ఖాళీ వదలండి. ఆ ఖాళీకి ఆనుకుని వెనుక నాలుగైదు వరసలు ముందుకూ వెనక్కూ చుట్టి చిన్న గూని తెప్పించండి, రొమ్ము అదే. తర్వాత తీగను వంపు దగ్గరికి తీసుకెళ్లి వేలాడదీయండి.

ఇప్పుడు ఈక. ఎర్రగా, గోధుమ రంగులో ఉన్న పోగులను నాలుగింటిని పట్టుకుని, ఈక కాడకు అడ్డంగా లాగి కొసలు సమం చేశాకే కోయండి. కోశాక సమం చేద్దామంటే అవి మాట వినవు. కొసలు వంపు దాటి మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండేలా తీగతో కట్టేయండి. అదే తోక.

అసలు కిటుకు తర్వాతి అడుగులో ఉంది. పోగులను, తీగను కలిపి దీపానికి ఒత్తి చేసినట్టు పురిపెట్టి, రెండింటినీ ఒకే తాడులా కన్ను వైపు చుట్టండి. ఫెజెంట్ పోగు చాలా పెళుసు. ఉత్తిగా చుడితే ట్రౌట్ పళ్లు తగలగానే తెగిపోతుంది. తీగతో పెనవేసుకుంటే నిలుస్తుంది. చుడుతుంటే పురి వదులవుతుంది కాబట్టి మధ్యమధ్య ఆగి మళ్లీ పెట్టాలి. తీగ మెలికపడితే మాత్రం గట్టిగా లాగవద్దు, అక్కడే తెగుతుంది.

కన్ను దగ్గర పోగులను తీగ నుంచి విడదీయండి. తీగను రొమ్ము వెనక్కి తెచ్చి, పోగులను గూని మీదుగా వెనక్కి మడిచి రెండు చుట్లతో అదమండి. తీగ మళ్లీ ముందుకు, పోగులూ మళ్లీ ముందుకు. ఇలా పొరలు పడేకొద్దీ రొమ్ము వీపు నల్లబడుతుంది. రెక్కలు విచ్చుకోబోయే నింఫ్‌కు అక్కడ నలుపు ఉంటుంది. కన్ను వెనక నాలుగు చుట్లు, రెండు సగం ముడులు వేసి, మిగిలిన పోగులను, తీగను కత్తిరించండి.

కాశ్మీర్‌లోని లిద్దర్ నదిలోనో, హిమాచల్‌లోని తీర్థన్ నదిలోనో అనుమతి తీసుకుని చేపలు పట్టేవారికి ఇది అక్కరకొస్తుంది. అక్కడి బ్రౌన్ ట్రౌట్ బ్రిటిష్ కాలంలో బయటి నుంచి తెచ్చి వదిలిన జాతే. నింఫ్‌ను చేపకు ఎగువన వేసి మునగనిచ్చి, దగ్గరికి రాగానే గాలపు కర్రను మెల్లగా ఎత్తడం సాయర్ నేర్పిన పద్ధతి. పైకి లేస్తున్న పురుగు పారిపోతోందనుకుని చేప అందుకుంటుంది.

వచ్చే భాగంలో అమెరికాలోని మోంటానాకు చెందిన ఆల్ ట్రోత్ ఇదే ఫ్లైకి నెమలి పింఛపు పోగులతో రొమ్ము, దానికి కాళ్లు ఎలా చేర్చాడో చూద్దాం. ఈలోగా కన్ను మూసుకుపోకుండా కట్టడం సాధన చేయండి. కన్ను మూసుకుపోయినవాటిని పారేయకండి. బ్లేడుతో తీగ విప్పేస్తే కొక్కెం మళ్లీ పనికొస్తుంది.