ఎడారి ర్యాలీలో చివరిదాకా నిలవాలంటే కారును, జట్టును ఎలా సిద్ధం చేసుకోవాలి?

1978 డిసెంబరు 26న పారిస్‌లో మొదలైన డాకార్ ర్యాలీ మొదట ఆఫ్రికాలో సాగింది. 2009 నుంచి 2019 దాకా దక్షిణ అమెరికాలో జరిగింది, 2020 నుంచి సౌదీ అరేబియాలో జరుగుతోంది. దేశం మారినా పోటీ తీరు మారలేదు. సుమారు రెండు వారాలు, దాదాపు 8,000 కిలోమీటర్లు. అందులో సగానికి పైగా గడియారం పెట్టి కొలిచే స్పెషల్ స్టేజ్‌లే. ఇలాంటి పోటీల్లో వేగంగా నడిపితే దక్కేవి నిమిషాలు. ఒక్క రాయి తగిలినా, ఒక్క వే పాయింట్ (దారిలో తప్పక దాటాల్సిన చోటు) తప్పినా పోయేవి గంటలు. 2022లో హాయిల్ చుట్టూ జరిగిన తొలి పెద్ద స్టేజ్‌లో ఈ రెండూ ఒకే జట్టుకు ఒకే రోజు జరిగాయి. కార్లోస్ సైన్జ్ దారి తప్పి రెండు గంటలకు పైగా పోగొట్టుకున్నాడు. స్టెఫాన్ పీటర్‌హాన్సెల్ కారు వెనక సస్పెన్షన్ విరిగి ఎడారిలో ఆగిపోయింది. ఇద్దరూ అప్పటికే ఈ ర్యాలీని గెలిచినవాళ్లు!

అందుకే కింద చెప్పేదంతా వేగం పెంచుకోవడం గురించి కాదు, సమయం పోకుండా చూసుకోవడం గురించి. ఒక ఫోర్ వీల్ డ్రైవ్ కారు, డ్రైవర్, కో-డ్రైవర్, ముగ్గురు మెకానిక్‌లు, ఒక సర్వీస్ ట్రక్కు ఉన్న చిన్న జట్టును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం.

1. ప్రతి భాగానికీ ఒక లెక్క పెట్టండి

యాక్సిల్ షాఫ్ట్‌లు, సివి జాయింట్లు, వీల్ బేరింగ్‌లు, షాక్ అబ్జార్బర్‌లు, క్లచ్. వీటిలో ప్రతిదానికీ పెయింట్‌తో నంబరు వేయండి. ఏది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఒక పుస్తకంలో రాయండి. టెస్టింగ్‌లో ఒక షాఫ్ట్ 3,000 కిలోమీటర్ల దగ్గర విరిగితే, ర్యాలీలో దాన్ని 1,500 దగ్గరే తీసేయండి. తీసినదాన్ని పారేయకండి, అది కారులో మోసుకెళ్లే స్పేర్ అవుతుంది.

చాలా జట్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. పెట్టెలోంచి తీయని కొత్త భాగాన్ని స్పేర్‌గా తీసుకెళ్లకూడదు. ప్రతి స్పేర్‌నూ ముందే కారుకు బిగించి కనీసం 50 కిలోమీటర్లు తిప్పాలి. బోల్టు రంధ్రం మిల్లీమీటరు తేడాగా ఉందని, పైపు పొడవు సరిపోలేదని అర్ధరాత్రి బివాక్‌లో (జట్లు రాత్రి ఆగే శిబిరంలో) తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

టెస్టింగ్ కూడా ర్యాలీ నేల మీదే జరగాలి, ఇసుక, రాళ్లు, గట్టి మట్టి మూడూ ఉండాలి. తారు రోడ్డు మీద చల్లగా నడిచే గేర్‌బాక్స్ దిబ్బల్లో రెండో గేరులో అరగంట తిరిగితే ఉడికిపోతుంది. షాక్ అబ్జార్బర్ నూనె వేడెక్కి పలచబడితే గుంట గుంటకూ బండి అడుగు నేలకు కొట్టుకుంటుంది. ఈ రెండు వేడులూ కొలిచి చూడకుండా ర్యాలీకి వెళ్లకండి.

2. కారులో ఏం పెట్టాలి, ఎక్కడ పెట్టాలి

స్పెషల్‌లో బండి ఆగితే దాన్ని బాగుచేయాల్సింది ఎక్కువగా లోపల ఉన్న ఇద్దరే. సర్వీస్ ట్రక్కుకు స్పెషల్ మీదికి ప్రవేశం లేదు, అది రోడ్డు దారిన బివాక్‌కు వెళుతుంది. కాబట్టి ఇవి కారులోనే ఉండాలి: రెండు లేదా మూడు స్పేర్ చక్రాలు, ఒక యాక్సిల్ షాఫ్ట్, చివర్లతో సహా ఒక స్టీరింగ్ టై రాడ్, ఫ్యూయల్ పంపు, ఆల్టర్నేటర్ బెల్టు, క్రాంక్ సెన్సర్, ఫ్యూజులు, రిలేలు, రెండు లీటర్ల ఇంజిన్ ఆయిల్, అర లీటరు బ్రేక్ ఆయిల్, రెండు రకాల గొట్టాలు, క్లాంపులు, ఎపాక్సీ ముద్ద, గట్టి తీగ, రాట్చెట్ పట్టీలు నాలుగు, లాగే తాడు, పార, కూరుకుపోయినప్పుడు చక్రాల కింద పెట్టే రెండు ఇసుక పలకలు. క్రాంక్ సెన్సర్ వేలెడంత కూడా ఉండదు, కానీ అది పోతే చాలా ఇంజిన్లు అక్కడికక్కడే ఆగిపోతాయి. సస్పెన్షన్ ఆర్మ్ విరిగినప్పుడు దాన్ని రాట్చెట్ పట్టీలతో కట్టి నెమ్మదిగా బయటపడ్డ బండ్లు బోలెడు.

బరువైనవి కింద, రెండు యాక్సిల్‌ల మధ్య పెట్టి కట్టేయండి. కట్టని రెంచి బండి బోల్తా పడితే తలకు తగులుతుంది. పార, పలకలు, గాలి గేజి మాత్రం స్పేర్ చక్రాలు దించకుండానే చేతికి అందాలి.

ఇంధనం లెక్క ఇసుకలో తీసిన కొలత మీద వేయాలి, రోడ్డు మైలేజీ ఇక్కడ పనికిరాదు. దిబ్బల్లో మీ కారు 100 కిలోమీటర్లకు 40 లీటర్లు తాగుతుందనుకోండి. 450 కిలోమీటర్ల స్టేజ్‌కు 180 లీటర్లు, దారి తప్పితే వెతుక్కోవడానికి మరో 10 శాతం, అంటే 198. పెట్రోలైతే దీని బరువే దాదాపు 150 కిలోలు. భయంతో ఇంకో 60 లీటర్లు పోయించుకుంటే 45 కిలోలు అదనంగా ఇసుకలో లాగాలి. తక్కువైతే ఆగిపోతారు, ఎక్కువైతే కూరుకుపోతారు. టెస్టులో సరిగ్గా కొలుచుకోవడం ఒక్కటే దీనికి మందు.

3. రోడ్‌బుక్ చదవడం

ర్యాలీలో ఎక్కువ సమయం పోయేది ఇక్కడే. రోడ్‌బుక్ అంటే స్టేజ్ దారిని నోట్ల వారీగా చెప్పే పుస్తకం. అందులో ప్రతి నోట్‌కూ మొదటి నుంచి దూరం, గత నోట్ నుంచి దూరం, దారి బొమ్మ, ప్రమాద సూచన, వెళ్లాల్సిన దిశ ఉంటాయి. ప్రమాదాన్ని ఒకటి నుంచి మూడు ఆశ్చర్యార్థకాలతో చూపుతారు. మూడు కనిపిస్తే వేగం తగ్గించాల్సిందే, చర్చ లేదు. దిశను క్యాప్ అంటారు, 0 నుంచి 360 డిగ్రీల్లో. ఒకప్పుడు రోడ్‌బుక్ ముందురోజు సాయంత్రమే చేతికొచ్చేది, కో-డ్రైవర్ రాత్రంతా కూర్చుని రంగులు వేసుకునేవాడు. డాకార్‌లో 2020 నుంచి దాన్ని బయల్దేరే కాస్త ముందు ఇవ్వడం మొదలైంది. ఇప్పుడు కార్లలో ట్యాబ్లెట్ తెర మీద వస్తుంది. అంటే నడుస్తుండగానే చదవడం అలవాటు చేసుకోవాలి.

చెప్పే వరుస ఎప్పుడూ ఒకేలా ఉండాలి: దూరం, ప్రమాదం, మలుపు, క్యాప్. "మూడొందల మీటర్లు, ప్రమాదం రెండు, ఎడమ, క్యాప్ 215." డ్రైవర్ ప్రమాదాన్నీ క్యాప్‌నూ తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పలేదంటే వినలేదనే అనుకోండి.

వే పాయింట్లలో కొన్ని దాగి ఉంటాయి. దాన్ని 800 మీటర్ల లోపు చేరితేనే జీపీఎస్ తెర మీద బాణం గుర్తు తెరుచుకునే రకం ఒకటుంది. ఒకసారి లెక్క వేసి చూడండి. క్యాప్ 5 డిగ్రీలు తప్పి 10 కిలోమీటర్లు పోతే అసలు గీత నుంచి దాదాపు 870 మీటర్లు పక్కకు జరుగుతారు. బాణం తెరుచుకోదు. మీరు మాత్రం సరిగ్గానే వచ్చామనుకుంటూ ముందుకు పోతూనే ఉంటారు. కాబట్టి దిబ్బను తప్పించడానికి కుడికి జరిగితే, తర్వాత అంతే ఎడమకు జరిగి గీత మీదికి రావాలి. ఆ లెక్క కో-డ్రైవర్ నోటితో పైకి చెబుతుండాలి.

ఇంకో చిక్కు ఉంది. జీపీఎస్ చూపే క్యాప్ బండి కదలికను బట్టి వస్తుంది. ఆగి ఉన్నప్పుడు అది ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. ఆగిన చోట తెర చూసి దిశ పట్టుకోకండి. ముందు ఓ 50 మీటర్లు తిన్నగా కదలండి, అప్పుడు చదవండి. దూరం మీటరును కూడా స్పష్టమైన గుర్తు కనిపించిన ప్రతిచోటా సరిదిద్దండి. చక్రం తిరుగుడు మీద నడిచే మీటరైతే ఇసుకలో జారినప్పుడల్లా ఎక్కువ చూపిస్తుంది.

దారి తప్పారని అనుమానం వచ్చిందా? వెతుకుతూ చుట్టూ తిరగకండి. కచ్చితంగా తెలిసిన చివరి నోట్ దగ్గరికి మీ చక్రాల జాడ మీదే వెనక్కి వెళ్లండి, మీటరు అక్కడి అంకెకు సరిచేయండి, మళ్లీ మొదలుపెట్టండి. 10 నిమిషాలు పోతాయి, నిజమే. తిరుగుతూ ఉంటే గంట పోతుంది. ముందు వెళ్లిన వాళ్ల జాడలను నమ్మడం అంతకంటే పెద్ద పొరపాటు, వాళ్లూ తప్పిపోయి ఉండొచ్చు.

4. ఇసుక

గట్టి దారిలో టైర్లలో గాలి ఒత్తిడి 28-30 పీఎస్ఐ ఉంచితే రాళ్లకు చీలకుండా తట్టుకుంటాయి. దిబ్బలు మొదలయ్యే ముందు 15-18కి దించండి. టైరు అడుగు పొడవు పెరిగి బరువు పరుచుకుంటుంది. 12 కంటే తగ్గితే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది, అంత తక్కువ గాలి కూరుకుపోయినప్పుడు బయటపడటానికే. ఈ అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే, మీ కారు బరువును బట్టి టెస్టులో సరిచేసుకోండి. దిబ్బలు దాటాక గాలి మళ్లీ పెంచడం మరచిపోతే తర్వాతి రాళ్ల దారిలో రెండు టైర్లు పోవడం ఖాయం.

దిబ్బకు గాలి వీచే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టి. అవతలి వైపు దాదాపు 33 డిగ్రీల వాలు, మెత్తటి ఇసుక. శిఖరాన్ని అడ్డంగా కాకుండా తిన్నగా ఎదురుగా ఎక్కండి, అంచు చేరే క్షణానికి యాక్సిలరేటర్ వదలండి, ముక్కు కిందికి వంగగానే మెల్లగా మళ్లీ తొక్కండి. ఎక్కువ వేగంతో దాటితే గాల్లోకి లేచి ముక్కు మీద పడతారు. ఈ ర్యాలీల్లో నడుము ఎముకలు దెబ్బతినేది చాలావరకు ఇలాగే. వేగం తక్కువైతే బండి పొట్ట అంచు మీద కూర్చుంటుంది. దిగేటప్పుడు వెనక భాగం పక్కకు జారితే బ్రేకు వేయకండి, ముందు చక్రాలు కిందికి తిప్పి కొంచెం తొక్కండి. బ్రేకు వేస్తే దొర్లడమే. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నీడలు ఉండవు కాబట్టి దిబ్బ ఎక్కడ తెగిపోయిందో కంటికి ఆనదు. ఆ రెండు మూడు గంటలు వేగం తగ్గించుకోవడం పిరికితనం కాదు.

కూరుకుపోతే ఈ వరుసలో పనిచేయండి:

- చక్రాలు ఉత్తినే తిరగడం మొదలవగానే యాక్సిలరేటర్ వదిలేయండి. ఆ తర్వాత తొక్కిన ప్రతి సెకనూ గొయ్యి తవ్వడమే.
- వచ్చిన జాడ మీదే ఒకసారి వెనక్కి ప్రయత్నించండి. ఒకే ఒక్కసారి.
- కో-డ్రైవర్ దిగి ముందుగా శిఖరం మీద కనిపించేలా నిలబడాలి, వెనక వచ్చేవాళ్లు మీ మీదికి దూకకుండా.
- పొట్ట కింద చూడండి. ఛాసిస్ ఇసుక మీద ఆనుకుని ఉంటే చక్రాల ముందు ఎంత తవ్వినా లాభం లేదు. పొట్ట కింది ఇసుక తీయాలి.
- గాలి 10-12 పీఎస్ఐకి దించి, పలకలు వాలు ఉన్న వైపే పెట్టండి. ఎదురు వాలుకు ప్రయత్నించొద్దు.
- కదిలాక గట్టి నేల వచ్చేదాకా ఆగొద్దు. పలకలు మోసుకుంటూ కో-డ్రైవర్ నడిచి రావాల్సిందే. ఆ పరుగుకు ఓపిక ఉండాలి కాబట్టి కో-డ్రైవర్ కూడా వ్యాయామం చేయాలి.

5. ధూళి

ఫెష్-ఫెష్ అనే పిండి లాంటి ధూళి గుంటలను నింపి పైకి చదునుగా కనిపిస్తుంది, అడుగున రాయి ఉండొచ్చు. అది ఎయిర్ ఫిల్టర్‌నూ పూడ్చేస్తుంది. ఫిల్టర్ రోజూ మార్చండి, అంచుకు గ్రీజు పూయండి. పాతది తీసినప్పుడు ఫిల్టర్ తర్వాత ఉన్న గొట్టం లోపల తెల్ల బట్టతో తుడిచి చూడండి. మరక పడితే ధూళి అంచు నుంచి దూరుతోందన్నమాట. కొత్త ఫిల్టర్ వేసినా అది ఆగదు, ముందు అంచు సరిచేయాలి. పట్టించుకోకపోతే పిస్టన్ రింగులు అరిగి, కొన్ని రోజుల్లోనే ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది.

6. బివాక్‌లో రాత్రి

కారు రాగానే ముందు కడగండి, మట్టి కింద పగులు కనిపించదు. ఆ లోపు డ్రైవర్, కో-డ్రైవర్ చీఫ్ మెకానిక్‌కు జరిగినదంతా చెప్పాలి. "ఎడమ ముందు ఏదో చప్పుడు" లాంటి చిన్నమాట కూడా. చెప్పి వెళ్లి తిని పడుకోవాలి, పక్కన నిలబడి చూడటం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

చక్రాలు తీసి బేరింగ్‌లు వదులయ్యాయేమో, సివి బూట్లు (సివి జాయింట్లను కప్పే రబ్బరు తొడుగులు), బ్రేకు ప్యాడ్లు ఎలా ఉన్నాయో చూడండి. సివి జాయింట్ బూటు చీలి గ్రీజు నల్లగా బయటికి చిమ్మితే దాన్ని అప్పుడే మార్చాలి. ప్రతి ముఖ్యమైన బోల్టునూ బిగించాక దాని మీదుగా పెయింట్ గీత గీయండి. మర్నాడు గీత విరిగి కనిపిస్తే బోల్టు వదులైంది. ఛాసిస్ వెల్డింగులు టార్చితో చూడాలి, వైర్లు ఎక్కడ రుద్దుకుంటున్నాయో చేత్తో తడిమి చూడాలి. నూనెలు, ఫిల్టర్లు ఆఖరున. అన్నీ అయ్యాక పది నిమిషాలైనా బండి నడిపి, చక్రాల నట్లు మళ్లీ టార్క్ రెంచితో బిగించండి. ఈ చివరి బిగింపు వదిలేసి చక్రం ఊడగొట్టుకోవడం కొత్త జట్ల దగ్గర తరచూ జరిగే పొరపాటు.

7. నిద్ర, నీళ్లు

రాత్రంతా పనిచేసిన మెకానిక్‌లే పొద్దున ట్రక్కు నడుపుతూ వందల కిలోమీటర్లు పోతారు. జట్టులో అందరికంటే ఎక్కువ ప్రమాదం వీళ్లకే, నిద్రమత్తు వల్ల. కాబట్టి ట్రక్కుకు రాత్రి పని చేయని డ్రైవర్ ఒకరు విడిగా ఉండాలి. అతని చేతికి స్పానర్ ఇవ్వకండి, పని ఎంత మిగిలినా సరే.

కారు లోపల ఉన్న ఇద్దరూ గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్లు గొట్టంతో తాగాలి, లవణాలు కలిపి. దాహం వేసేదాకా ఆగితే కో-డ్రైవర్ అంకెలు తప్పు చదవడం మొదలవుతుంది. అత్యవసరానికి మనిషికి కనీసం మూడు లీటర్లు విడిగా, ముట్టుకోకుండా ఉంచండి.

8. మారథాన్ స్టేజ్

ఈ స్టేజ్ రాత్రి మెకానిక్‌లు ఉండరు. కారు పని ఇద్దరూ చేసుకోవాలి. 2024 డాకార్‌లో 48 గంటల స్టేజ్ పెట్టారు. సాయంత్రం నాలుగు అవగానే ఎవరు ఎక్కడున్నా తర్వాతి శిబిరంలో ఆగిపోవాలి, అక్కడ గుడారం, పొట్లం తిండి తప్ప ఇంకేమీ లేదు. దీనికి తయారీ ముందురోజు రాత్రే జరగాలి: సగం అరిగిన టైర్లు, ప్యాడ్లు, బెల్టు అన్నీ కొత్తవి వేసేయండి. డ్రైవర్, కో-డ్రైవర్ ఇద్దరూ ఇంటి దగ్గరే కళ్లకు గంతలు కట్టుకున్నా యాక్సిల్ షాఫ్ట్ మార్చగలిగేంతగా సాధన చేసి ఉండాలి. మారథాన్ తొలిరోజు రాళ్ల మీద ఐదు నిమిషాలు పోయినా పర్వాలేదు, టైర్లు దాచుకోండి. రెండో రోజు వాటిని మార్చిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.